ముళ్ళపంది ముగించిన కథ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాన మొదలైతే ఆగడం మరిచిపోయేది. రోజుల తరబడి ఒకటే ముసురు. వాగులు పొంగేవి, బొరియలు మునిగేవి, చెట్ల తొర్రల్లోంచి నీళ్ళు కారేవి. అప్పుడు పొడిగా మిగిలే చోటు ఒక్కటే, కొండ కింద గుహ. కుందేలు తలదాచుకోవాలన్నా అక్కడికే పోవాలి, చిరుతపులి తలదాచుకోవాలన్నా అక్కడికే పోవాలి.

మరి కుందేలూ చిరుతా ఒకే గుహలో కూర్చుంటే ఏమవుతుంది? మీరు అనుకున్నదే అవుతుంది. అందుకే ఆ అడవి పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముసురు పట్టి అందరూ గుహలో చేరినప్పుడు ఒకరు కథ చెప్పాలి. కథ నడుస్తున్నంతసేపు ఎవరూ ఎవరి మీదా పంజా ఎత్తకూడదు. కథ ఆగిందా, కట్టుబాటూ ఆగినట్టే.

చాలా ఏళ్ళు ఒక ముసలి కొండముచ్చు ఆ కథలు చెప్పింది. వాన తెరిపి ఇచ్చేదాకా కథను లాగడం దానికి బాగా తెలుసు. తరవాత దానికి పళ్ళూడి మాట తడబడసాగింది. అప్పుడు ఆ పనిని కంటకి అనే ముళ్ళపందికి అప్పగించింది. కంటకికే ఎందుకంటే, అడవి మొత్తం మీద రాయడం వచ్చినది అదొక్కతే. ఊడిపడిన తన ముల్లునే కలంలా పట్టుకుని తాటాకు మీద గీకి గీకి రాసేది.

కంటకికి ఒక చిత్రమైన గుణం ఉంది. తలలో కొత్త ఊహ పుడితే దాని వీపు మీద ఒక ముల్లు నిక్కబొడుచుకునేది. రెండు ఊహలు పుడితే రెండు ముళ్ళు. ఊహలు గుంపుగా వచ్చాయనుకోండి, వీపంతా లేచి నిలబడేది. అలాంటప్పుడు దాని పక్కన కూర్చోవడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ఆ ఏడు మొదటి ముసురు పట్టింది. అందరూ గుహలో చేరారు. ఒక మూల దూది అనే కుందేలు కూర్చుంది. దాని పొట్ట కింద ఇంకా గెంతడం రాని పిల్లలున్నాయి. ఎదురుగా గండయ్య అనే చిరుత పడుకుని ఉంది. వేట దొరక్క దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. దూది ఆ డొక్కల వంక చూడకుండా కంటకి వంక చూసింది.

"ఒక ఏనుగు పొద్దున్నే లేచి చూసుకుంటే దాని నీడ కనపడలేదు," అని కంటకి మొదలుపెట్టింది.

గుహలో చెవులన్నీ లేచాయి. నీడ ఎక్కడికి పోతుంది? గండయ్య కూడా తల ఎత్తింది.

"ఏనుగు నీడను వెతుక్కుంటూ బయలుదేరింది. దారిలో..." అనేసరికి కంటకి వీపు మీద ఒక ముల్లు లేచింది. "ఆగండాగండి. దీనికన్నా మంచిది తట్టింది. ఒక బండరాయికి నడవాలనిపించింది. దానికి కాళ్ళు లేవు. అయినా..."

ఇంకో ముల్లు లేచింది.

"అబ్బ, ఇదింకా బాగుంది. ఒక తొండకు తోక తప్పిపోయింది. ఊడిపోలేదు, తప్పిపోయింది. అది..."

"ఏనుగు నీడ దొరికిందా?" అని గండయ్య అడిగింది.

"దొరుకుతుంది దొరా. ముందు ఈ తొండ సంగతి వినండి."

"బండరాయి నడిచిందా?"

"నడుస్తుంది. ఈలోగా ఇంకోటి గుర్తొచ్చింది. నిద్రపట్టని ఒక మిణుగురు..."

గండయ్య లేచి నిలబడింది. "ఇది కథ కాదు. కథ లేనప్పుడు కట్టుబాటూ లేదు," అంది. అంటూనే పంజా విసిరింది.

దూది పిల్లల మీద అడ్డంగా పడింది. పంజా దాని చెవి చివరను చీల్చుకుంటూ పోయింది. అదృష్టం బాగుండి అప్పుడే వాన తెరిపి ఇచ్చింది. అందరూ పిల్లల్ని నోట కరుచుకుని తలో దిక్కుకూ పరిగెత్తారు. గండయ్య ఎవరి వెంటా పడలేదు. గుహ వాకిట్లో కూర్చుని పంజా నాక్కుంది.

"మళ్ళీ ముసురు పడుతుంది," అంది కంటకితో. "ఈసారి కథ చివరిదాకా పోవాలి. పోకపోతే నా కడుపు సంగతి నేను చూసుకుంటాను. నన్ను తప్పుపట్టకండి."

కంటకి ఇంటికి పోలేదు. నేరుగా దూది ఉన్న పొదకు పోయింది. దూది చెవి నుంచి ఇంకా నెత్తురు కారుతోంది. అది చూసి కంటకికి ఏడుపొచ్చింది.

"నావల్లనే చెల్లీ," అంది.

"చెవికేముందక్కా, మానుతుంది," అంది దూది. "ఆ ఏనుగు సంగతే తెలియకుండా పోయింది. దానికి నీడ దొరికిందా?"

"నాకూ తెలియదే."

దూది పిల్లల వంక చూసింది. పొద కింద పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. "వీళ్ళను తీసుకుని వాగు అవతలకు పోదామన్నా వీళ్ళకింకా గెంతడం రాదు. ముసురు పడితే మాకు గుహే దిక్కు. ఈసారి ఏదో ఒకటి చివరిదాకా చెప్పక్కా. బాగా లేకపోయినా ఫరవాలేదు," అంది.

ఆ ఆఖరి మాట కంటకికి చురుక్కుమని తగిలింది. బాగా లేని కథ చెప్పడం దానికి చేతకాదు. ఇన్ని బాగున్నప్పుడు ఒక్కటే చెప్పడం కూడా దానికి చేతకాదు. అదే కదా వచ్చిన చిక్కు.

ఇంటికి పోయి రాయడానికి కూర్చుంది. ఏనుగు గురించి రెండు ఆకులు రాసేసరికి బండరాయి గుర్తొచ్చింది. బండరాయి గురించి ఒక ఆకు రాసేసరికి తొండ. మధ్యలో మిణుగురు. అంతలో ఇంతవరకూ ఎప్పుడూ తట్టనిది, కొండ అవతలి నుంచి ఎవరో పలుకుతున్నారని చూడబోయిన ఎలుగుపిల్ల. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. గాలి పీల్చుకుందామని బయటికి రాబోయి బొరియ నోట్లో ఇరుక్కుపోయింది. ముందుకూ రాదు, వెనక్కూ పోదు. నవ్వకండి, దానికి ఊపిరాడటం లేదు. చివరికి దూది వచ్చి ముందుకాళ్ళు పట్టుకుని లాగితే కొంత మట్టితో సహా బయటపడింది.

ఇలా లాభం లేదనుకుంది కంటకి. ఈ అడవిలో ఒకేసారి ఎన్నో పనులు నెత్తిన వేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కదా, వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారో అడిగి చూద్దామని బయలుదేరింది.

మొదట ఒక కోతి కనిపించింది. మేడిచెట్టు మీద కూర్చుని పళ్ళు తెంపుతోంది. నమలడం లేదు. తెంపినవన్నీ బుగ్గల్లో కుక్కుకుంటోంది. రెండు బుగ్గలూ ఉబ్బి కళ్ళు చిన్నవయ్యాయి.

"అన్నా, ఇన్ని పళ్ళుంటే ఏది ముందు తినాలో నీకెలా తెలుస్తుంది?" అని అడిగింది కంటకి.

కోతి బుగ్గల మధ్య నుంచే జవాబిచ్చింది. "తెలియాల్సిన పనేముందమ్మా? అన్నీ ఒకేసారి కుక్కేసుకోవడమే. ఒకటి వదిలితే ఇంకోడు ఎత్తుకుపోడూ?"

కంటకికి అది సబబుగానే తోచింది. అన్నీ ఒకే కథలో పెట్టేస్తే ఏదీ వదిలిపెట్టక్కర్లేదు కదా. ఇంటికొచ్చి అలాగే రాసి దూదికి చదివి వినిపించింది.

"ఏనుగు నీడ మీద బండరాయి కూర్చుంది. ఆ రాయి కింద తొండ తోక దాక్కుంది. మిణుగురు ఎలుగుపిల్లకు దారి చూపిస్తోంది..."

"ఆగక్కా," అంది దూది. "రాయి నీడ మీద కూర్చుందా?"

"అవును."

"మరి రాయి నడిచిపోయిందన్నావు కదా?"

"తోక కోసం తిరిగొచ్చింది."

"ఎవరి తోక కోసం?"

కంటకి ఆకులు తిరగేసి చూసుకుంది. దానికీ తెలియలేదు. తల ఎత్తేసరికి దూది కునికిపాట్లు పడుతోంది. పాపం, వినాలనే కూర్చుంది. కళ్ళే వినలేదు.

మర్నాడు కంటకి ఉడతను చూసింది. ఉడత గింజలు తెచ్చి ఇక్కడొకటి అక్కడొకటి పాతిపెట్టి, మట్టి కప్పి, ముందుకాళ్ళతో తట్టి పోతోంది.

"పిన్నీ, ఏం చేస్తున్నావు?"

"దాస్తున్నానే. అన్నీ ఇప్పుడే తినలేం కదా. దాచిపెట్టుకుంటే ఒక్కోటే తీసుకుని తాపీగా తినొచ్చు."

ఇది ఇంకా బాగుందనుకుంది కంటకి. తన తాటాకులన్నీ చెట్ల మొదళ్ళలో పాతిపెట్టింది. ఇక తల ఖాళీ, ఒక్కోటే తీసి రాసుకోవచ్చని సంబరపడింది. కానీ తల ఖాళీ కాలేదు. తొండ ఏ చెట్టు కింద ఉందో, ఎలుగుపిల్ల ఏ చెట్టు కింద ఉందో అన్న ఆలోచనతోనే తల నిండిపోయింది. పొద్దున్న పాతినవి సాయంత్రానికే తవ్వి చూసుకుంది. మర్నాడూ తవ్వింది. కొన్ని దొరకనే లేదు. దొరికినవాటికి చెదలు పట్టాయి. ఏనుగు కథను సగానికి పైగా తినేశాయి.

"నేను దాచినవీ సగం నాకు దొరకవు," అంది ఉడత తేలిగ్గా. "అయితేనేం, అవి మొలిచి చెట్లవుతాయి."

"నీకు చెట్లు మొలుస్తాయి పిన్నీ. నాకు చెదలే కదా మొలిచింది," అంది కంటకి. దానికి నిజంగానే కోపం వచ్చింది. ఉడత మీద కాదు, తన మీదే.

అప్పటికి ఆకాశం మళ్ళీ మసకబారుతోంది. కంటకి దిగులుగా వాగు గట్టు వెంట నడుస్తుంటే తల మీద గడ్డిపోచ ఒకటి పడింది. పైకి చూసింది. వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు గూళ్ళు వేలాడుతున్నాయి. అన్నీ సగం సగమే. టోపీ అంత కట్టి వదిలేసినట్టున్నాయి. వాటి మధ్య ఒక గిజిగాడు తలకిందులుగా వేలాడుతూ పోచలు అల్లుతోంది.

కంటకికి ప్రాణం లేచొచ్చింది. తనలాంటివాడు ఇంకొకడు ఉన్నాడన్నమాట.

"అన్నా, నీకూ నా జబ్బేనా? మొదలుపెట్టినవి ఏవీ పూర్తి చేయవా?"

"జబ్బేంటమ్మా, మా పద్ధతే ఇది," అంది గిజిగాడు. "ముందు ఇలా సగం కట్టిపెడతాను. మా ఆవిడ వచ్చి చూస్తుంది. లోపల కూర్చుంటుంది, ముక్కుతో పోచలు లాగి చూస్తుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. ఏ గూట్లోంచి ఎగిరిపోకుండా కూర్చుందో దాన్ని పూర్తి చేస్తాను."

"అన్నిట్లో మంచిది ఏదో నీకు తెలియదా? కట్టింది నువ్వే కదా?"

"కట్టేవాడికి అన్నీ మంచివేనమ్మా. అందులో కాపురం ఉండేది నేను కాదు కదా."

కంటకి అక్కడే కూలబడి ఆలోచించింది. కథలో కాపురం ఉండేది ఎవరు? రాసేవాళ్ళు కాదు, వినేవాళ్ళు.

"మరి మిగతా గూళ్ళు?" అని అడిగింది.

"గాలికి వదిలేస్తాను. కాస్త బాధగానే ఉంటుంది. కానీ నేను నాలుగు గూళ్ళ మధ్య తిరుగుతూ కూర్చుంటే మా ఆవిడ గుడ్లు ఎక్కడ పెడుతుంది? గడ్డిదేముంది, వాన పడితే మళ్ళీ మొలుస్తుంది."

కంటకి ఇంటికి పరిగెత్తింది. పరిగెత్తింది అంటే, ముళ్ళపంది పరిగెత్తగలిగినంత. దూదిని కూర్చోబెట్టి కథల మొదళ్ళు మాత్రమే చెప్పింది. బండరాయి మొదలు చెప్పింది. దూది బాగుందంది. తొండ మొదలు చెప్పింది. దూది నవ్వి, చాలా బాగుందంది. మిణుగురు గురించి చెప్తే అయ్యో పాపమంది. ఎలుగుపిల్ల మొదలు చెప్పాక మాత్రం దూది ఏమీ అనలేదు. పిల్లలకు పాలిచ్చే వేళయిందని లేచిపోయింది.

ఇది నచ్చలేదు కాబోలని కంటకి ఆ ఆకును పక్కన పెట్టేసింది. అందరికన్నా దానికి ముద్దొచ్చేది మిణుగురు కథ. సరే, మిణుగురే అనుకుంటుండగా దూది మళ్ళీ వచ్చింది. నోట్లో గడ్డిపరక అలాగే ఉంది.

"అక్కా, కొండ అవతల పలికింది ఎవరు?"

"ఏ కొండ?"

"ఆ ఎలుగుపిల్ల పిలిస్తే పలికింది కదా, ఎవరది? అక్కడ గడ్డి తింటున్నాను కానీ నా ధ్యాసంతా దాని మీదే ఉంది."

కంటకి దూది మొహంలోకి చూసింది. బాగుందన్న కథలన్నిటినీ దూది అక్కడే వదిలి వెళ్ళింది. ఏమీ అనని కథను మాత్రం వెంట తీసుకుపోయింది. తనకు ముద్దొచ్చేది మిణుగురే, అయినా ఎలుగుపిల్ల ఆకునే చేతిలోకి తీసుకుంది.

"నాకూ తెలియదే చెల్లీ. రాస్తే తెలుస్తుందేమో," అంది.

రాసింది. మిగతా ఆకులన్నీ బొరియ బయట పెట్టేసింది. అవి గాలికి టపటపలాడుతుంటే చెవులు మూసుకుంది. చెదలు తినగా మిగిలిన ఏనుగు కోసం ఒకసారి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. అయినా లేవలేదు. రాస్తూ రాస్తూ పలికింది ఎవరో చివరికి తెలుసుకుంది. ఎవరో ఇప్పుడే చెప్పను. దూదికి కూడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఆకాశం విరుచుకుపడింది. అందరూ తడిసి ముద్దయి గుహలో చేరారు. గండయ్య అందరికన్నా ముందే వచ్చి వాకిలికి అడ్డంగా పడుకుంది. ఈసారి దాని డొక్కలు ఇంకా లోపలికి పోయాయి. దూది పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుని గోడకు ఆనుకుంది.

"మొదలుపెట్టు," అంది గండయ్య.

కంటకి గొంతు సవరించుకుంది.

"ఒక ఎలుగుపిల్ల కొండ మీద నిలబడి, 'ఎవరక్కడ?' అని అరిచింది. అవతలి కొండ మీది నుంచి, 'ఎవరక్కడ?' అని ఎవరో అడిగారు. 'నేను,' అంది ఎలుగుపిల్ల. 'నేను,' అన్నారు అవతలివాళ్ళు. ఎలుగుపిల్ల తన అమ్మను అడిగితే, 'నాకు తెలియదురా, తేనె తిని పడుకో,' అంది. ఎలుగుపిల్లకు నిద్ర పడితేగా? అమ్మకు చెప్పకుండా లోయలోకి దిగింది."

గుహలో కంటకి గొంతు, వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు. గండయ్య కళ్ళు మూయలేదు. కథలో లోయను పొగమంచు కమ్మింది. ఎలుగుపిల్లకు తన ముందుకాళ్ళే తనకు కనపడటం లేదు. ఎటు పోవాలో తెలియదు.

సరిగ్గా అప్పుడు కంటకి వీపు మీద ఒక ముల్లు లేచింది.

మిణుగురు. నిద్రపట్టని మిణుగురు ఇప్పుడు వచ్చి దారి చూపిస్తే ఎంత బాగుంటుంది. దానికి నిద్ర ఎందుకు పట్టదో కూడా చెప్పేయొచ్చు, అదొక పెద్ద కథ. కంటకి నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

ముల్లు లేవడం అందరూ చూశారు. దాని అర్థం అందరికీ తెలుసు. కొండముచ్చు తల పట్టుకుంది. గండయ్య తోక నేల మీద ఒకసారి కొట్టుకుంది. దూది పిల్లల మీదికి ఒరిగి, చీలిన చెవితో వాటిని కప్పింది.

కంటకి ఆ చెవిని చూసింది.

మెడ వెనక్కు తిప్పి, లేచిన ముల్లును పళ్ళతో పట్టుకుని పీకేసింది. చురుక్కుమంది. పీకిన ముల్లును కాళ్ళ ముందు పెట్టి, "నువ్వు మంచిదానివే. కానీ ఇది నీ కథ కాదు," అంది మెల్లగా. తరవాత తల ఎత్తి, ఆపినచోటి నుంచే అందుకుంది.

"ఎలుగుపిల్లకు ఏమీ కనపడలేదు. అందుకని నేల వాసన చూసుకుంటూ నడిచింది. వాగు దాటింది. అవతలి కొండ ఎక్కింది. చివరికి శిఖరం మీద నిలబడి చుట్టూ చూసింది. అక్కడ ఎవరూ లేరు. రాళ్ళు, గాలి, అంతే. దానికి ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చింది ఎవరి కోసం? ఏడుస్తూనే తను బయలుదేరిన కొండ వైపు తిరిగి, 'ఎవరక్కడ?' అని అరిచింది."

కంటకి ఊపిరి పీల్చుకుంది. గుహలో ఎవరూ ఊపిరి పీల్చుకోలేదు.

"అవతలి నుంచి జవాబొచ్చింది. ఈసారి అది తను అన్న మాట కాదు. 'నేనేరా, మీ అమ్మని. పొద్దుటి నుంచి పిలుస్తున్నాను. ఎక్కడున్నావురా నాయనా?' అని వచ్చింది. ఎలుగుపిల్ల కొండ దిగి ఇంటికి పరిగెత్తింది. కథ అయిపోయింది."

దూది కళ్ళు తుడుచుకుంది. కంటకికి తన ఒళ్ళు ఇంత తేలిగ్గా ఎప్పుడూ అనిపించలేదు. ముళ్ళన్నీ వీపుకు ఆనుకుని పడుకున్నాయి.

అప్పుడు వినపడింది వాన చప్పుడు. అది ఆగలేదు. కొంచెం కూడా తగ్గలేదు.

కంటకి గుహ వాకిలి వంక చూసింది. కథను ముగించాలన్న తపనలో, ముగిశాక ఏమవుతుందన్నది ఆలోచించనే లేదు. కథ అయిపోయింది. అంటే కట్టుబాటూ అయిపోయింది. చెప్పడానికి ఇంకో పూర్తి కథ దాని దగ్గర లేదు.

గండయ్య లేచింది. ఒళ్ళు విరుచుకుంది. మెల్లగా నడుచుకుంటూ దూది ఉన్న మూలకు వచ్చింది. దూది గోడలోకి ఒదిగిపోయింది. గండయ్య వంగి పిల్లల వంక చూసింది. చాలాసేపు చూసింది. పిల్లల్లో ఒకటి నిద్రలోనే అమ్మ కోసం మూతి ఆడించింది.

గండయ్య వెనక్కు తిరిగి వచ్చి తన చోట పడుకుంది.

"మళ్ళీ మొదటి నుంచి చెప్పు," అంది కంటకితో. "ఈసారి ఆ పిల్ల లోయలోకి దిగేచోట కాస్త నిదానంగా చెప్పు. అక్కడ నువ్వు తొందరపడ్డావు."

కంటకి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. వాన ఆగేదాకా చెప్పింది. సగం చెప్పిన కథలను ఒక్కసారి వినడానికే ఎవరికీ ఓపిక లేకపోయింది. పూర్తయిన ఆ కథను మాత్రం ఎన్నిసార్లు చెప్పినా, చివరి పిలుపు వచ్చేసరికి గుహ అంతా కొత్తగా విన్నట్టే చెవులు రిక్కించింది.

నీతి: ఊహలు ఎన్ని వచ్చినా, నలుగురికీ అక్కరకొచ్చే ఒకదాన్ని పట్టుకుని చివరిదాకా నడిపించాలి. మొదలుపెట్టిన పనులు వంద ఉన్నా, కాపాడేది పూర్తిచేసిన ఒక్కటే.